నరాలు ఉబ్బిన కుర్రాడికి ఊరు ఇచ్చే సలహాలు

పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్ల లోపు కుర్రాడు ఎవరైనా వృషణాల దగ్గర ఏదో తేడాగా ఉందని ఒక్కమాట బయటపెడితే చాలు, సలహాలకు కొదవుండదు. రూమ్మేట్ ఒకటి చెబుతాడు. బాబాయి ఇంకొకటి చెబుతాడు. మందుల షాపులో మూడోది దొరుకుతుంది. రాత్రి ఫోన్లో చూసిన వీడియో నాలుగోది చెప్పి నిద్ర లేకుండా చేస్తుంది. ఆ సలహాలనే ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టి, ఏది ఎందుకు పాటించకూడదో చెబుతున్నాను. విడివిడిగా వింటే అన్నీ అమాయకంగానే ఉంటాయి. కలిపి చూస్తే బాధ కలుగుతుంది. భయపడక్కర్లేని చోట ఇవి కుర్రాణ్ని హడలగొడతాయి, ఆస్పత్రికి పరుగెత్తాల్సిన చోట కూర్చోబెడతాయి.

“నరాలు చేతికి తగులుతున్నాయంటే క్యాన్సర్ మొదలైనట్టే”

ఎక్కువమంది పిల్లల్ని కాల్చుకుతినేది ఈ మాటే. స్నానం చేస్తుంటే ఎడమ వృషణం పైన మెత్తగా, మెలికలు తిరిగి, ముద్దగా ఏదో చేతికి తగులుతుంది. సంచిలో వానపాములు వేసి పట్టుకున్నట్టు ఉంటుందని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. దాని పేరు వెరికోసీల్. వృషణం నుంచి చెడు రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు ఉబ్బడమే అది. ఎక్కువసేపు నిలబడేవాళ్ల కాళ్ల మీద నీలంగా ఉబ్బి కనిపించే సిరలూ ఇదే జాతివి.

ఇది ఎంత మామూలు విషయమో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. వయసొచ్చిన మగవాళ్లలో దాదాపు 15 శాతం మందికి వెరికోసీల్ ఉంటుంది. అరవై మంది అబ్బాయిలున్న హాస్టల్ అంతస్తులో ఓ తొమ్మిది మందికి ఉండొచ్చన్నమాట. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. యుక్తవయసులో వృషణాలు పెరిగి, వాటికి రక్తం ఎక్కువగా రావడం మొదలైనప్పుడు ఇది బయటపడుతుంది. అందుకే చిన్నప్పుడు కనిపించనిది ఇంటర్‌లోనో డిగ్రీలోనో హఠాత్తుగా ఊడిపడ్డట్టు అనిపిస్తుంది.

ఎడమవైపే ఎందుకన్నది చాలామందిని వేధించే ప్రశ్న. కుడి వృషణం సిర ఏటవాలుగా వెళ్లి కడుపులోని పెద్ద సిరలో నేరుగా కలుస్తుంది. ఎడమది అంతకన్నా పొడవు. అది ఇంకా పైకెక్కి, ఎడమ కిడ్నీ సిరలోకి అడ్డంగా, లంబకోణంలో వెళ్లి చేరాలి. ఆ కిడ్నీ సిర కూడా రెండు పెద్ద ధమనుల సందులోంచి దూరి రావాలి. దాంతో అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు సరిగా మూసుకోవు, రక్తం కిందికి దిగి నిలబడుతుంది. నూటికి ఎనభై అయిదుకు పైగా వెరికోసీల్‌లు ఎడమవైపునే ఉండటానికి కారణం ఇది. నీ శరీరంలో లోపమేమీ లేదు. మగ శరీరం కట్టుబడి తీరే అంత.

ఇక క్యాన్సర్ మాట. వృషణ క్యాన్సర్ పుట్టేది వృషణం లోపల, వీర్యకణాలను తయారుచేసే మూల కణాల్లో. వెరికోసీల్ ఉండేది వృషణం బయట, పైన ఉన్న రక్తనాళాల్లో. ఉబ్బిన సిర గడ్డగా మారదు, మారిన దాఖలా లేదు. ఈ రెండూ ఒకే వయసులో, ఒకే చోట తారసపడతాయి, ఒకే స్కాన్ గదిలో పరీక్ష చేస్తారు. ఫోన్లో వెతికినా రెండు పేర్లూ పక్కపక్కనే వస్తాయి. బంధుత్వం అంతవరకే.

నిజమైన ముడి ఒకటి ఉంది, కానీ అది ఎదురు దిశలో ఉంటుంది. వెరికోసీల్ క్యాన్సర్ తేదు. అరుదుగా కడుపులోని గడ్డ, ముఖ్యంగా కిడ్నీ గడ్డ, సిరను అడ్డుకుని వెరికోసీల్ తెస్తుంది. నలభై దాటిన మనిషికి కొత్తగా, హఠాత్తుగా వచ్చినా, కుడివైపు మాత్రమే ఉన్నా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా డాక్టర్ కడుపు స్కాన్ చేయిస్తారు. మామూలు వెరికోసీల్ వెల్లకిలా పడుకోగానే ఖాళీ అయిపోతుంది. అందుకే తెలిసిన డాక్టర్ నిన్ను నిలబెట్టి ఒకసారి, దగ్గమని ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి చూస్తారు. ఆ చిన్న పరీక్షకు ఇరవై వీడియోల పెట్టు విలువ ఉంది.

“ఇదంతా నరాల బలహీనత. పోస్టర్ మీద నంబరుకు ఫోన్ చెయ్యి”

బస్టాండు గోడల మీద, మరుగుదొడ్ల తలుపుల మీద ఆ కాగితాలు ఇప్పటికీ అంటించి ఉంటాయి. హస్తప్రయోగం వల్ల నరాలు ఉబ్బాయనీ, వీర్యం కారిపోతోందనీ, నలభై రోజుల కోర్సు వాడాలనీ చెబుతారు. ఇందులో ఒక్కమాట కూడా నిజం కాదు. హస్తప్రయోగం వల్ల వెరికోసీల్ రాదు, క్యాన్సర్ రాదు, బలహీనత రాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేని పిల్లవాడి జేబు కొట్టే వ్యాపారం అది. అందులో ఏముందో రాసి ఉండని పొడి, లేబుల్ లేని మాత్ర ఏదీ నోట్లో వేసుకోవద్దు.

జిమ్ముల్లో కొత్తగా ఇంకో సలహా నడుస్తోంది. వృషణం చిన్నదైందంటే మగ హార్మోన్ తగ్గినట్టే, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకొమ్మంటారు. ఇది ఆ పోస్టర్ కన్నా ప్రమాదం. బయట నుంచి ఆ హార్మోన్ ఎక్కించగానే మెదడు వృషణాలకు పంపే ఆదేశాలు ఆపేస్తుంది. లోపల వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. మందు మానేశాక మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది. పిల్లలు పుట్టరేమోనన్న భయంతో ఇంజెక్షన్ వేయించుకున్నవాడు ఆ భయాన్ని తన చేతులతో తానే నిజం చేసుకుంటాడు.

“వేడి చేసింది. సబ్జా తాగు, ఐసుగడ్డ పెట్టు”

వృషణాలకు చల్లదనం కావాలన్న మాట వాస్తవమే. శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడిలోనే వీర్యకణాలు బాగా తయారవుతాయి, సంచి శరీరం బయట వేలాడటానికి కారణం అదే. వెరికోసీల్‌లో నిలబడిపోయిన వెచ్చని రక్తం ఆ చల్లదనాన్ని కొంత చెడగొడుతుందని వైద్యులు చెబుతారు. కానీ సబ్జా నీళ్లు దాహం తీరుస్తాయి గానీ సిరలో కవాటాన్ని బాగుచేయవు. ఐసుగడ్డ తిన్నగా ఆ పల్చటి చర్మం మీద పెడితే చర్మం మాడుతుంది. ఆముదం రాసి పిండటం, ఆకు పసరు కట్టడం అసలే వద్దు. సాయంత్రానికి లాగినట్టు, బరువెక్కినట్టు నొప్పి ఉంటే ఒత్తుగా పట్టి ఉంచే లోదుస్తులు వేసుకోవచ్చు, కాసేపు పడుకోవచ్చు, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర వాడొచ్చు. వీటితో నొప్పికి ఉపశమనం దొరుకుతుంది, సిరలు మాత్రం అలాగే ఉంటాయి. చాలామందికి అంతకుమించి అవసరమూ ఉండదు.

“వెంటనే కోయించెయ్, లేకపోతే పిల్లలు పుట్టరు” అని ఒకరు, “పెళ్లయితే అదే సర్దుకుంటుంది” అని ఇంకొకరు

ఈ రెండూ ఒకే ఇంట్లో వినపడతాయి. సంతానం కోసం ఆస్పత్రికి వచ్చే మగవాళ్లలో నూటికి ముప్పై అయిదు నుంచి నలభై మందికి వెరికోసీల్ కనిపిస్తుంది. ఈ అంకె చూపించే చాలామందిని బెదరగొడతారు. రెండో అంకె చెప్పరు. వెరికోసీల్ ఉన్న మగవాళ్లలో ఎక్కువమందికి ఏ వైద్యమూ లేకుండానే పిల్లలు పుడతారు.

1950ల్లో ఎడిన్‌బరోలో టుల్లోక్ అనే సర్జన్, వీర్యకణాలు లేని మనిషికి వెరికోసీల్ ఆపరేషన్ చేశాక అతను తండ్రయ్యాడని రాశారు. అప్పటి నుంచి ఈ ఆపరేషన్ ఎవరికి చేయాలన్న చర్చ సాగుతూ వచ్చింది. ఇప్పుడు డాక్టర్లు చాలావరకు ఒక మాట మీద ఉన్నారు. చేత్తో తడిమితే తెలిసే వెరికోసీల్ ఉండి, వీర్య పరీక్షలో లోపం ఉండి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా కలగకపోతే ఆపరేషన్ ఆలోచించాలి. ఎదిగే వయసు పిల్లాడికి ఆ వైపు వృషణం పెరగకుండా వెనకబడిపోతుంటే ఆలోచించాలి. మిగతా పద్ధతులన్నీ ప్రయత్నించినా నొప్పి వదలకపోతే ఆలోచించాలి. స్కాన్‌లో మాత్రమే కనిపించి చేతికి అందని చిన్న ఉబ్బుకు ఆపరేషన్ చేయడం వల్ల ప్రయోజనం లేదు. “గ్రేడ్ 1” అన్న రెండు ముక్కలు స్కాన్ రిపోర్టులో చూసి ఆపరేషన్‌కు డబ్బు కట్టడానికి వెళ్లే తండ్రులు ఈ వాక్యం దగ్గర ఆగాలని నా కోరిక.

వీర్య పరీక్ష ఒక్కసారి చేయించి నిర్ణయానికి రాకూడదు. జ్వరం వచ్చి తగ్గినా ఫలితం మారిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలత ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కింది హద్దు. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకూ పిల్లలు పుడుతుంటారు. ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఆపరేషన్ అయినవాళ్లు మూడు నెలలు ఆగాకే మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. నెల తిరక్కముందే చేయించి ఏడవడం అనవసరం. ఆపరేషన్ అంటూ తప్పకపోతే మైక్రోస్కోప్ కింద చేసే పద్ధతి గురించి అడగండి. అందులో ధమనినీ, నీరు పోయే సన్నని నాళాలనూ కాపాడటం వీలవుతుంది, ఉబ్బు మళ్లీ రావడమూ, సంచిలో నీరు చేరడమూ తగ్గుతాయి.

పెళ్లి విషయానికొస్తే, పెళ్లికీ సిరలకూ సంబంధం లేదు. పెళ్లయిన ఏడాదికి పిల్లలు కలగలేదని అత్తింట్లో కోడల్ని నాలుగు ఆస్పత్రులు తిప్పి, కొడుకును ఒక్కసారి కూడా పరీక్షకు పంపని ఇళ్లున్నాయి. ఈ సలహా వల్ల నష్టపోయేది అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయే.

సైన్యంలో చేరడానికి పరుగు పందెం నెగ్గి, వైద్య పరీక్షలో వెరికోసీల్ అని చెప్పించుకుని వెనక్కి వచ్చే కుర్రాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సింది వేరే. తిరస్కరించింది ఆ కొలువు నిబంధన, అంతేగానీ నీ ఆయుష్షు గురించి ఎవరూ తీర్పు చెప్పలేదు. మళ్లీ పరీక్ష కోరే అవకాశం ఉంటుంది, ఆపరేషన్ తర్వాత అర్హత గురించి ఆ నోటిఫికేషన్‌లోనే చదవండి. దళారి మాట నమ్మి ఎక్కడపడితే అక్కడ కోయించుకోవద్దు.

“నొప్పి లేని గడ్డ ఏం చేస్తుంది?”

ఇక్కడ మాత్రం భయపడాలి, ఇక్కడే మనవాళ్లు ధైర్యం చెబుతారు. వృషణ క్యాన్సర్ సాధారణంగా నొప్పి పెట్టదు. వృషణం మీదే, లోపలే, గట్టిగా ఒక గడ్డ తగులుతుంది, లేదా ఒక వృషణం పెద్దదై బరువెక్కుతుంది. ఉబ్బిన సిరలు వృషణం పైన, విడిగా, మెత్తగా ఉంటాయి, నొక్కితే అణుగుతాయి. క్యాన్సర్ గడ్డ వృషణంలో భాగంగా ఉంటుంది, పడుకున్నా పోదు. నొప్పి లేకపోవడాన్ని మంచి గుర్తుగా తీసుకోకండి.

మన దేశంలో ఇది అరుదు. లక్ష మంది మగవాళ్లలో ఏడాదికి ఒకరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్ లాంటి దేశాల్లో లక్షకు పది మంది దాకా ఉంటారు. అరుదు కాబట్టే మన దగ్గర ఎవరికీ అది తట్టదు. యాంటీబయాటిక్ ఒక కోర్సు, తర్వాత ఇంకో కోర్సు వాడుతూ నెలలు గడిచిపోతాయి.

సైకిల్ పందేల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో ఈ జబ్బు బయటపడేటప్పటికి పాతికేళ్లు. వాపును పట్టించుకోలేదు. దగ్గితే రక్తం పడ్డాక డాక్టర్ దగ్గరికి వెళితే అప్పటికే ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. అయినా బతికాడు. (నిషేధిత మందులు వాడి గెలిచాడని తర్వాత టైటిళ్లు లాగేసుకున్నారు, అతని జబ్బు కథ విలువ దానివల్ల తగ్గదు.) బతకడానికి కారణం సిస్‌ప్లాటిన్ అనే మందు. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బాక్టీరియా మీద ప్రయోగం చేస్తుంటే ప్లాటినం వల్ల వాటి విభజన ఆగడం గమనించారు. 1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ ఆ మందును మరో రెండింటితో కలిపి ఒళ్లంతా పాకిన వృషణ క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. అంతకుముందు ఆ దశలో చాలామంది చనిపోయేవాళ్లు. ఇప్పుడు అమెరికాలో అన్ని దశలూ కలిపి చూసినా నూటికి తొంభై అయిదు మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. మన యువరాజ్ సింగ్‌కు 2011 ప్రపంచ కప్ తర్వాత ఛాతీలో బయటపడ్డ గడ్డ కూడా వృషణ క్యాన్సర్ పుట్టే మూల కణాల జాతికి చెందినదే. అతనికి 2012లో వైద్యం చేసింది ఆ ఐన్‌హార్నే. అదే ఏడాది యువరాజ్ మళ్లీ భారత జట్టుకు ఆడాడు.

ఇంతగా నయమయ్యే జబ్బు దగ్గర మూడు తప్పుడు సలహాలు ప్రాణం మీదికి తెస్తాయి. మొదటిది, సూదితో పొడిచి నీరు తీయించమనడం. వృషణంలో గట్టి గడ్డ ఉన్నప్పుడు సంచిలోంచి సూది గుచ్చకూడదు, జబ్బు కొత్త దారిలో పాకే ప్రమాదం ఉంది. ముందు అల్ట్రాసౌండ్, తర్వాత ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు చేస్తారు. తీయాల్సి వస్తే గజ్జ దగ్గర కోసి తీస్తారు. రెండోది, ఒకటి తీసేస్తే మగతనం పోతుందని వైద్యం వాయిదా వేయించడం. మిగిలిన వృషణం ఆరోగ్యంగా ఉంటే హార్మోన్‌కూ, పిల్లలకూ మామూలుగా అదొక్కటే సరిపోతుంది. వైద్యానికి ముందే వీర్యాన్ని బ్యాంకులో దాచుకునే వీలుంది. కీమో మొదలయ్యే లోపే ఆ మాట డాక్టర్‌తో ఎత్తండి, వాళ్లు ఎత్తే దాకా చూడకండి. మూడోది, డబ్బు లేదుగా అని వెనక్కి లాగడం. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. క్యాన్సర్ వైద్యానికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి.

గడ్డ కోసం రోజుకు నాలుగుసార్లు నొక్కి చూసుకొమ్మనే సలహా కూడా ఉంది. అలా నొక్కితే ఆరోగ్యంగా ఉన్న వృషణమూ నొప్పెడుతుంది, ఆ నొప్పి మళ్లీ భయం పెంచుతుంది. వృషణం వెనక మెత్తని తాడులా తగిలేది ఎపిడిడిమిస్, అందరికీ ఉంటుంది. దాన్నే గడ్డ అనుకుని బెంబేలెత్తేవాళ్లు ఎక్కువ. ఏ లక్షణమూ లేనివాళ్లకు వరసగా ఈ పరీక్షలు చేయడం వద్దని అమెరికా నివారణ వైద్య సంఘం 2011లో చెప్పింది. నీ శరీరం మామూలుగా ఎలా ఉంటుందో స్నానం చేసేటప్పుడు తెలిసి ఉండాలి. మార్పు కనిపిస్తే ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించాలి.

“తెల్లారాక చూద్దాంలే, వాతం నొప్పి”

పద్నాలుగేళ్ల పిల్లాడు అర్ధరాత్రి లేచి కడుపు నొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు. సిగ్గుపడి అసలు చోటు చెప్పడు. వృషణం తన తాడు మీద తానే మెలిపడిపోయి, రక్తం ఆగిపోయిన నొప్పి కావచ్చు అది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే వృషణం దాదాపుగా దక్కుతుంది. తెల్లారేదాకా ఆగితే చాలాసార్లు తీసేయాల్సి వస్తుంది. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి, వాపు, వాంతి, ఒక వృషణం పైకి లాగినట్టు ఉండటం, వీటిలో ఏదున్నా వేడి నీళ్ల కాపడం పెట్టొద్దు, తినిపించొద్దు, స్కాన్ సెంటర్ తెరిచే దాకా కూర్చోవద్దు. ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి తిన్నగా తీసుకెళ్లండి. అబ్బాయికి కడుపు నొప్పి అంటే కింద కూడా చూడమని ప్రతి తల్లికీ చెప్పాలి. నొప్పి వచ్చి దానంతటదే పోయినా వెళ్లాలి, అది మళ్లీ మెలిపడొచ్చు.

గోదావరి జిల్లాల వాళ్లకు ఒక మాట. సంచి మొత్తం నీటితో ఉబ్బితే అది వరిబీజం కావచ్చు, అక్కడ ఫైలేరియా దోమల వల్ల తరతరాలుగా ఉన్నదే. క్యాన్సర్ కాదు, ఆపరేషన్‌తో పోతుంది. అయితే నీటి వెనక వృషణం చేతికి అందదు కాబట్టి కుర్రవాళ్లకు ఒకసారి స్కాన్ చేయించి లోపల చూడటం మంచిది.

“పెద్దయ్యాక అదే దిగుతుంది”

ఇది కుర్రాడికి కాక అతని తల్లికి, పసిబిడ్డగా ఉన్నప్పుడు ఇచ్చిన సలహా. పుట్టినప్పుడు సంచిలోకి దిగని వృషణం చాలావరకు మొదటి ఆరు నెలల్లో దిగుతుంది. అప్పటికీ దిగకపోతే ఇక దిగే అవకాశం తక్కువ. ఏడాదికి, మరీ ఆలస్యమైతే ఏడాదిన్నరకు, ఆపరేషన్ చేసి కిందికి దించాలి. క్యాన్సర్ ముప్పుతో గట్టి సంబంధం ఉన్నది దీనికే. స్వీడన్‌లో చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయిన దాదాపు 17 వేల మంది మగవాళ్ల వివరాలు చూసి 2007లో ప్రచురించారు. పదమూడేళ్ల లోపు అయినవాళ్లకు ముప్పు మామూలు మనుషుల కన్నా రెండు రెట్లు, ఆ తర్వాత అయినవాళ్లకు అయిదు రెట్లు దాటింది. రెండు రెట్లన్నా, అయిదు రెట్లన్నా, మొత్తం మీద అది చిన్న సంఖ్యే. తెలిసి ఉండటం ముఖ్యం.

ఉబ్బిన సిరల గురించి రాత్రంతా ఫోన్ చూసే కుర్రాడు ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడిగి ఉండడు. మీ అమ్మను అడగండి. పసితనంలో వృషణం దిగలేదా, గజ్జల్లో ఆపరేషన్ ఏదైనా జరిగిందా, జరిగితే ఎన్నో ఏట? మీ అన్నకో నాన్నకో వృషణ క్యాన్సర్ వచ్చిందా? ఔనన్న జవాబు వస్తే ఉస్మానియాలోనో గాంధీలోనో విశాఖ కేజీహెచ్‌లోనో యూరాలజీ ఓపీకి వెళ్లి, తలుపు వేసుకుని, డాక్టర్‌కు ఆ మాట మొదట చెప్పండి. ఆనాటి కాగితాలు ఇంట్లో దొరికితే వెంట తీసుకెళ్లండి.